ధర కవరు తెరవకముందే తేలిపోయే టెండరు

ఒక మున్సిపాలిటీ పార్కుల నిర్వహణకు టెండరు పిలిచిందనుకుందాం. గడ్డి కోయించాలి, మొక్కలకు నీళ్లు పెట్టించాలి, ఎండుకొమ్మలు తీయించాలి, రాత్రి కాపలా పెట్టాలి. ఊళ్లో నర్సరీ నడుపుకొంటున్న మనిషికి ఇవన్నీ రోజూ చేసే పనులే. షరతుల పేజీ తిప్పితే మాత్రం కథ మారుతుంది. పట్టణంలోని పార్కులు, డివైడర్లు, కూడళ్లు అన్నీ కలిపి ఒకే ప్యాకేజీ. గత మూడేళ్లూ ఏటా కోటి రూపాయల టర్నోవర్ చూపించాలి. ఏదైనా ప్రభుత్వ సంస్థలో ఇలాంటి పనే, ఇంత విలువతోనే, ఒకే అగ్రిమెంటు కింద పూర్తిచేసినట్టు సర్టిఫికెట్ పెట్టాలి. దాఖలుకు గడువు వారం. ఆ నర్సరీ యజమాని ఎంత తక్కువకు చేయగలడన్న ప్రశ్నే ఇక తలెత్తదు. టెక్నికల్ బిడ్‌లోనే ఆయన బయటికి వెళ్లిపోతాడు. ధర కవరు తెరిచేనాటికి మిగిలేది ఇద్దరో ముగ్గురో. వాళ్లు ఒకరినొకరు ఎరిగినవాళ్లయితే రింగు కట్టడానికి ఒక్క ఫోన్ చాలు.

స్థానిక సంస్థల కాంట్రాక్టులు చిన్నవాళ్లకు ఎందుకు దక్కవన్న చర్చ ఎప్పుడు మొదలైనా పర్సంటేజీల దగ్గరో పలుకుబడి దగ్గరో ఆగిపోతుంది. ఆ రెండూ లేవనేవారెవరూ లేరు. అయితే లంచం అడగని కమిషనర్, సిఫారసు చేయని చైర్మన్ ఉన్న పట్టణంలో కూడా చిన్న సంస్థ ఓడిపోతూనే ఉంటుంది. ఓటమి జరిగేది ధర దగ్గర కాదు. ధరకు ముందు షరతుల దగ్గర, ధర తర్వాత బిల్లు దగ్గర. ఈ రెండూ మారకుండా ఎన్ని రాయితీలు ప్రకటించినా కాగితం మీదే ఉంటాయి. ఈ రెండింటినీ చదవడం నేర్వని వ్యాపారి టెండరు గెలిచినా నిలబడలేడు.

చట్టం ఎంతవరకు?

సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి ప్రభుత్వ కొనుగోళ్లకు కేంద్రం 2012లో ఒక ఉత్తర్వు తెచ్చింది. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ అభివృద్ధి చట్టం దీనికి ఆధారం. మొదట 20 శాతంగా ఉన్న వాటాను 2019 ఏప్రిల్ నుంచి 25 శాతం చేశారు. అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీల సంస్థలకు, 3 శాతం మహిళల సంస్థలకు. టెండరు పత్రాలు ఉచితం, ధరావతు మినహాయింపు. అతి తక్కువ కోట్ చేసిన సంస్థ చిన్నది కానప్పుడు, దానికన్నా 15 శాతంలోపు ఎక్కువ కోట్ చేసిన చిన్న సంస్థ ఆ తక్కువ ధరకే ఒప్పుకుంటే పనిలో కొంత వాటా దానికి ఇవ్వవచ్చు. ఇది వస్తువులకే కాదు, సేవలకూ వర్తిస్తుంది.

వినడానికి బాగుంది. కానీ ఈ ఉత్తర్వు కట్టిపడేసేది కేంద్ర మంత్రిత్వ శాఖలను, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలను మాత్రమే. తెనాలి మున్సిపాలిటీకో, కరీంనగర్ కార్పొరేషన్‌కో అది దానంతటదే వర్తించదు. రాష్ట్రం తన ఉత్తర్వుల్లో ఎంత చేర్చుకుంటే అంత, టెండరు పత్రంలో ఎంత రాస్తే అంత. చిన్న సంస్థగా నమోదైనట్టు చూపే ఉద్యం సర్టిఫికెట్ జతచేస్తే ధరావతు కట్టనక్కర్లేదనుకుని బిడ్ వేసి, ధరావతు లేదన్న కారణంతోనే తిరస్కరణకు గురయ్యే చిన్న వ్యాపారి కథ ఇక్కడి నుంచే పుడుతుంది.

ఆంధ్రప్రదేశ్ 2019లో మరో దారి తొక్కింది. టెండరు లేకుండా నామినేషన్ మీద ఇచ్చే పనుల్లో, సేవా కాంట్రాక్టుల్లో 50 శాతం బీసీ, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీలకు కేటాయిస్తూ చట్టం చేసింది. మహిళలకు సగం వాటా ఇస్తూ మరో చట్టమూ చేసింది. ఉద్దేశం మంచిదే. కానీ నామినేషన్ అంటేనే చిన్న పని. అసలు సొమ్ము ఉన్నది టెండర్లలో. పైగా నామినేషన్‌లో పేరు రాసే చేయి ఎవరిదో ఊళ్లో అందరికీ తెలుసు. కాబట్టి చిన్న సంస్థలకు కావలసిన తలుపు బహిరంగ టెండరులోనే తెరుచుకోవాలి.

ఆ తలుపు వెనుక ఉన్న పని తక్కువేమీ కాదు. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలు పురపాలికలకు 18 విధులు అప్పగించింది. నీటి సరఫరా, పారిశుధ్యం, వీధి దీపాలు, పార్కులు, శ్మశానాలు, కబేళాలు అన్నీ వాటిలో ఉన్నాయి. పదిహేనో ఆర్థిక సంఘం స్థానిక సంస్థల గ్రాంట్లలో పెద్ద భాగాన్ని తాగునీటికి, పారిశుధ్యానికే ముడిపెట్టింది. మోటార్ల మరమ్మతు, బోర్ల నిర్వహణ, సెప్టిక్ ట్యాంకు బండ్లు, మరుగుదొడ్ల శుభ్రత, కుక్కల స్టెరిలైజేషన్, నీటి పరీక్షలు, కంప్యూటర్ల సర్వీసింగ్ వంటివి పెద్ద కంపెనీ వస్తేనే జరిగే పనులు కావు. పక్క వీధి మనిషి చేస్తే ఇంకాస్త త్వరగా జరిగే పనులు.

ముక్క సైజు మారితే

షరతుల్ని పనికి తగ్గట్టు కుదిస్తే ఏం జరుగుతుందో చూడడానికి ఎంతో దూరం పోనక్కర్లేదు. హైదరాబాద్ జలమండలి 2017లో 70 మినీ జెట్టింగ్ యంత్రాలను రంగంలోకి దింపింది. రక్షణ సాధనాలు లేకుండా మనుషుల్ని మ్యాన్‌హోళ్లలోకి దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. పెద్ద జెట్టింగ్ వాహనాలు పాతబస్తీ ఇరుకు సందుల్లోకి దూరవు. బోర్డే యంత్రాలు కొని, డ్రైవర్లను పెట్టుకుని నడపవచ్చు. లేదా వంద వాహనాలున్న ఏ పెద్ద సంస్థకో మొత్తం కట్టబెట్టవచ్చు. జలమండలి ఈ రెండూ చేయలేదు. దళిత్ ఇండియన్ చాంబర్ ఆఫ్ కామర్స్ అండ్ ఇండస్ట్రీతో కలిసి, ఎస్సీ, ఎస్టీ ఔత్సాహికులు బ్యాంకు రుణంతో యంత్రం కొనుక్కుని బోర్డుకు అద్దెకు నడిపే పద్ధతి తెచ్చింది. రెండేళ్లు తిరక్కుండానే ఢిల్లీ జల బోర్డు ఇదే నమూనాతో 200 యంత్రాలు మొదలుపెట్టింది. అక్కడ ఒక్కొక్కరికి ఒక్కో యంత్రం.

ఇందులో గమనించవలసింది రాయితీ కాదు, కాంట్రాక్టు కొలత. ఒక మనిషి, ఒక యంత్రం, ఒక అద్దె రేటు. బ్యాంకు మేనేజరు ఆ వర్క్ ఆర్డరు చూసి నెలకు ఎంత వస్తుందో, కిస్తీ ఎంత కట్టగలడో అక్కడికక్కడే లెక్క వేసుకోగలడు. పాత టర్నోవర్ అడగవలసిన అవసరమే రాదు. అదే పనిని నగరమంతటికీ ఒకే ప్యాకేజీగా పిలిచి ఉంటే, ఆ యజమానుల్లో ఎక్కువమంది ఎవరో ఒక ఏజెన్సీ కింద డ్రైవర్లుగా మిగిలేవారు.

వరంగల్‌ది ఇంకో దారి. సెప్టిక్ ట్యాంకులు ఖాళీచేసే బండ్లు అన్ని ఊళ్లలోనూ ఉన్నాయి. ఒకటి రెండు బండ్లున్న చిన్న యజమానులే వాటిని నడుపుతారు. మలినాన్ని ఎక్కడ పారబోస్తారో ఎవరూ అడగరు. వరంగల్ నగర పాలక సంస్థ 2016లో ఈ పనికి నిబంధనలు తెచ్చి, ఆ బండ్లవాళ్లను తరిమేయకుండా లైసెన్సుల కిందికి తెచ్చింది. వ్యాపారం చీకట్లోంచి పుస్తకంలోకి వచ్చింది. పుస్తకంలో పేరున్నవాడికే రేపు షెడ్యూలు ప్రకారం ట్యాంకులు తీసే మున్సిపల్ కాంట్రాక్టుకు పోటీపడే అర్హత. ఒడిశా ఇంకొంచెం ముందుకెళ్లి చాలా పట్టణాల్లో మల వ్యర్థాల శుద్ధి కేంద్రాల నిర్వహణనే మహిళా స్వయం సహాయక సంఘాలకు అప్పగించింది. డ్వాక్రా ఉద్యమానికి పేరుపడ్డ తెలుగు నేల మీద పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా కింది మహిళా సంఘాలకు ఇలాంటి అవకాశం ఇంకా విస్తారంగా దక్కాల్సి ఉంది.

మరి కమిషనర్లు పెద్ద ప్యాకేజీలే ఎందుకు ఇష్టపడతారు? ఒకటి, పది మందిని పర్యవేక్షించేకన్నా ఒక్కడిని నిలదీయడం తేలిక. ఉన్నది ఇద్దరు శానిటరీ ఇన్‌స్పెక్టర్లు, ఒక అసిస్టెంట్ ఇంజినీరు అయినప్పుడు ఈ బాధ నిజమే. రెండోది ఆడిట్ భయం. పనిని ముక్కలు చేశారన్న అభ్యంతరం ఒకసారి రాస్తే పదవీ విరమణ దాకా వెంటాడుతుంది. ఇక్కడే ఒక తేడా స్పష్టంగా చెప్పాలి. టెండరు తప్పించుకోవడానికి పనిని ముక్కలు చేసి నామినేషన్ మీద పంచుకోవడం తప్పు. మొత్తం పనికీ ఒకే నోటీసు ఇచ్చి, వార్డుల వారీగానో పార్కుల వారీగానో లాట్లు చూపించి, ప్రతి లాటునూ బహిరంగ పోటీకి పెట్టడం తప్పు కాదు. ఈ తేడాను పురపాలక శాఖ ఒక సర్క్యులర్‌లో రాసిపెడితే కమిషనర్ చేతికి ధైర్యం వస్తుంది.

రెండు పర్సెంట్ల లెక్క

ఇక ధర. చిన్న సంస్థ తక్కువ కోట్ చేసి గెలిచి, ఆరు నెలల్లో చేతులెత్తేయడం మున్సిపల్ ఆఫీసుల్లో రోజూ చూసేదే. ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. ఇరవై మంది కార్మికులతో ఆసుపత్రి లేదా ఆఫీసు శుభ్రత పని అనుకుందాం. ఒక్కొక్కరి వేతనం 15,000 రూపాయలు. యజమాని వాటా పీఎఫ్, పరిపాలనా చార్జీలు, బీమాతో కలిపి 13 శాతం, అంటే 1,950. ఈఎస్ఐ 3.25 శాతం, సుమారు 488. మనిషికి 17,438 చొప్పున ఇరవై మందికి నెలకు దాదాపు 3.49 లక్షలు. ఇది జేబులోంచి పెట్టాల్సిన సొమ్ము. కార్మికుడు నెలాఖరుకు జీతం అడుగుతాడు, బిల్లు వచ్చిందా అని అడగడు.

సర్వీస్ చార్జి 2 శాతం కోట్ చేశాడనుకుంటే నెలకు వచ్చేది ఏడు వేలు. బిల్లు మూడు నెలలు ఆలస్యమైతే బయట ఇరుక్కున్న సొమ్ము పదిన్నర లక్షలు. రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకుంటే నెలకు వడ్డీయే దాదాపు 21 వేలు. ఆదాయం ఏడు, వడ్డీ ఇరవై ఒకటి. ఈ లోటు ఎక్కడ పూడుతుందో పీఎఫ్ ఆఫీసు ముందు బారులు తీరే కార్మికుల్ని అడిగితే చెబుతారు. హాజరు పట్టీలో ఇరవై మంది, పనిలో పద్నాలుగు మంది. పాసుపుస్తకంలో పీఎఫ్ జమ కనపడదు. అలాంటి కోట్‌ను ఎల్-1 (అతి తక్కువ ధర) అని ఆమోదించిన అధికారి, దాన్ని వేసిన వ్యాపారి ఇద్దరూ కార్మికుడి జేబు మీద ఒప్పందం చేసుకున్నట్టే.

కేంద్ర ఆర్థిక శాఖ 2023లో మ్యాన్‌పవర్ కాంట్రాక్టులకు కనీస సర్వీస్ చార్జిని 3.85 శాతంగా నిర్ణయించడానికి నేపథ్యం దాదాపు సున్నా సర్వీస్ చార్జి కోట్ చేసే ఈ పోటీయే. ఆంధ్రప్రదేశ్ 2020లో అవుట్‌సోర్సింగ్ సేవల సంస్థ, ఆప్కాస్‌ను పెట్టి మధ్యలో ఏజెన్సీలనే తీసేసింది. ఆ నిర్ణయం మీద ఎన్ని వాదనలున్నా చిన్న వ్యాపారికి అందులో పాఠం ఉంది. మనుషుల్ని పంపి కమీషన్ తీసుకోవడమే వ్యాపారమైతే దానికి రేపన్నది లేదు. ఏ ప్రభుత్వమైనా ఒక్క జీవోతో తీసేయవచ్చు. యంత్రం, నైపుణ్యం, కొలవగలిగిన ఫలితం తెచ్చేవాడిని తీసేయడం కష్టం. ఇరవై మందిని ఇస్తానన్నవాడికన్నా, కాలిన మోటారును 24 గంటల్లో తిప్పిస్తానన్నవాడికే భవిష్యత్తు.

ధర వేసేముందు పన్ను కూడా చూసుకోవాలి. రాజ్యాంగం 243డబ్ల్యూ అధికరణ కింద పురపాలికకు అప్పగించిన విధులకు సంబంధించిన పనిలో వస్తువులేమీ లేకుండా సేవ మాత్రమే అయితే జీఎస్టీ మినహాయింపు ఉంది. వస్తువుల విలువ మొత్తం కాంట్రాక్టులో 25 శాతం దాటనప్పుడూ మినహాయింపు ఉంది. ఇది తెలియక 18 శాతం కలిపి కోట్ చేసినవాడు పోటీలో వెనకబడతాడు. వర్తించని పనికి వర్తిస్తుందనుకుని కలపనివాడు రెండేళ్ల తర్వాత నోటీసు అందుకుంటాడు. బిడ్‌కు ముందే ఆడిటర్‌తో తేల్చుకోవడం, ప్రీ-బిడ్ సమావేశంలో రాతపూర్వకంగా అడిగి జవాబు తీసుకోవడం రెండూ చేయాలి.

బిల్లు పడే రోజు

పని బాగా చేస్తే బిల్లు దానంతటదే వస్తుందన్న నమ్మకం మున్సిపల్ ఆఫీసు మెట్లు ఎక్కేదాకే. బిల్లు రాశారా, కొలతల పుస్తకం ఎం-బుక్‌లో ఎక్కిందా, టోకెన్ పడిందా, ఖాతాలో నిధులున్నాయా అని తిరగడంలో చిన్న వ్యాపారి సగం ప్రాణం పోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనుల పాత బిల్లులు హైకోర్టు దాకా వెళ్లి, 2021లో వడ్డీతో సహా చెల్లించమని కోర్టు చెప్పవలసి వచ్చింది. అవి సేవలు కావు, పనులు. కానీ బిల్లు కోసం కోర్టుకెక్కడం పెద్ద కాంట్రాక్టరుకు ఒక ఖర్చు. చిన్నవాడికి అది వ్యాపారం ముగింపు.

చట్టం ఇక్కడ చిన్న సంస్థ పక్షాన గట్టిగానే ఉంది. కొనుగోళ్ల ఉత్తర్వు మున్సిపాలిటీకి వర్తించకపోయినా, 2006 చట్టంలోని జాప్య చెల్లింపుల అధ్యాయం సేవ పొందిన ఏ కొనుగోలుదారుకైనా వర్తిస్తుంది. అగ్రిమెంటులో ఏం రాసుకున్నా 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. ఫిర్యాదు అదే చట్టం కింద ఏర్పడ్డ ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు చేయవచ్చు. కౌన్సిల్ తీర్పును సవాలు చేయాలంటే కొనుగోలుదారు ముందుగా 75 శాతం సొమ్ము డిపాజిట్ చేయాలి. అయితే ఉద్యం నమోదు ఎప్పటిదన్న ప్రశ్న మీద కోర్టుల్లో వివాదం నడుస్తోంది. ఒప్పందానికి ముందే నమోదై ఉండాలని సుప్రీంకోర్టు 2021లో సిల్పీ ఇండస్ట్రీస్ కేసులో చెప్పింది. కాబట్టి అగ్రిమెంటు మీద సంతకానికి ముందే నమోదు చేసుకోవడం క్షేమం. పైసా ఖర్చు లేని పని.

హక్కు ఉండడం, దాన్ని వాడుకోగలగడం వేర్వేరు. రేపు మళ్లీ అదే ఆఫీసులో టెండరు వేయాల్సినవాడు ఈ రోజు ఆ కమిషనర్ మీద కౌన్సిల్‌కు ఎలా వెళతాడు? ఇంకొక లోటు కూడా ఉంది. చిన్న సంస్థలకు గడువులోగా చెల్లించకపోతే ఆ ఖర్చును ఆ ఏడాది ఆదాయం నుంచి తీసివేయనివ్వకుండా ఆదాయపన్ను చట్టానికి తెచ్చిన సవరణ ప్రైవేటు కొనుగోలుదారుల్ని కదిలించింది. లాభం మీద పన్ను కట్టే పనిలేని మున్సిపాలిటీకి దానితో నొప్పి లేదు. బిల్లులను తగ్గింపు ధరకు బ్యాంకులకు అమ్ముకునే ట్రెడ్స్ వేదికల్లో నమోదు పెద్ద కంపెనీలకు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలకు తప్పనిసరి అయింది. మున్సిపాలిటీలను కూడా వాటి మీదికి తెస్తే ఆమోదించిన బిల్లు మర్నాడే డబ్బవుతుంది.

వ్యాపారి చేయాల్సింది

విధానాలు మారేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. మొదటి మెట్టు కాగితాలు. ఉద్యం, జీఎస్టీ, పీఎఫ్, ఈఎస్ఐ కోడ్లు, డిజిటల్ సిగ్నేచర్, రాష్ట్ర ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో నమోదు టెండరు పడ్డాక మొదలుపెడితే అందవు. ఉమ్మడి రాష్ట్రంలో ఈ పోర్టల్ 2003లోనే వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా బిడ్ వేయడానికి ఇంటర్నెట్ సెంటర్ కుర్రాడికి పాస్‌వర్డ్ అప్పగించడం అంటే ఇంటి తాళం ఇచ్చినట్టే.

రెండోది అనుభవం. కోటి రూపాయల సర్టిఫికెట్ ఒక్కసారిగా రాదు. గ్రామ పంచాయతీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, గురుకుల పాఠశాల కొటేషన్ల మీద ఇచ్చే చిన్న పనులు చేసి, ప్రతిదానికీ పూర్తయినట్టు సంతకం, ముద్ర తీసుకుని దాచుకోవాలి. అవి రెండేళ్లలో మెట్లవుతాయి. రెండు మూడు చిన్న సంస్థలు కలిసి జాయింట్ వెంచర్‌గా వేయవచ్చో లేదో టెండరు పత్రంలోనే చూడాలి. లేకపోతే ప్రీ-బిడ్‌లో అడగాలి. అసమంజసమైన టర్నోవర్ షరతును కూడా అక్కడే, రాతలో ప్రశ్నించాలి. టెండరు తెరిచాక చేసే ఫిర్యాదును ఓడినవాడి ఏడుపు అంటారు. తెరవకముందు అడిగిన ప్రశ్నకు జవాబివ్వక తప్పదు.

మూడోది, ఎక్కడ వేయకూడదో తెలుసుకోవడం. పాత కాంట్రాక్టు ఎంతకు ఇచ్చారు, గత ఏడాది బిల్లులు ఏ తేదీన పెడితే ఏ తేదీన చెల్లించారు అన్న వివరాలు పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు చట్టం కింద వస్తాయి. ఆరు నెలలు బిల్లులు తొక్కిపెట్టే మున్సిపాలిటీలో ఎల్-1గా నిలవడం గెలుపు కాదు. వర్క్ ఆర్డరు చేతికి వచ్చాక హాజరు పట్టీ, తేదీ పడిన ఫోటోలు, ఇన్‌స్పెక్టర్ సంతకం ప్రతిరోజూ చేరాలి. నెల మొదటివారంలోనే బిల్లు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. ఆ ముద్ర లేకపోతే 45 రోజుల లెక్క ఎక్కడ మొదలైందో చెప్పడానికి చేతిలో ఏమీ ఉండదు.

పాలక మండలి వంతు

మిగిలినది మున్సిపల్ కౌన్సిల్ చేతిలో ఉంది. రాష్ట్ర చట్టం కోసం ఎదురుచూడకుండా ఒక్క సమావేశంలో చేయగలిగినవి మూడు. లాట్లుగా విడగొట్టగలిగిన సేవను లాట్లుగానే పిలవాలని, అలా చేయని పక్షంలో కారణం ఫైలులో రాయాలని తీర్మానించడం. టర్నోవర్, అనుభవం షరతులు ఆ లాటు విలువకు మించకుండా పరిమితి పెట్టడం. చెల్లించాల్సిన ప్రతి బిల్లు అందిన తేదీ, చెల్లించిన తేదీ మున్సిపాలిటీ వెబ్‌సైట్‌లో నెలనెలా పెట్టడం. మూడోదానికి రూపాయి ఖర్చు లేదు, కానీ దాన్నే అన్నిటికన్నా ఎక్కువగా అడ్డుకుంటారు. ఎవరి బిల్లు ముందు, ఎవరిది వెనక అన్న అధికారం పోతుంది కాబట్టి.

చిన్న సంస్థలకు పని ఇస్తే నాణ్యత పడిపోతుందని, పన్నుదారుడి సొమ్ము పణంగా పెట్టలేమని కొందరు అంటారు. ఇప్పుడున్న పద్ధతిలో పెద్ద ప్యాకేజీ గెలిచిన సంస్థ పనిని ఎవరితో చేయిస్తోందో వాళ్లు ఒకసారి చూడాలి. చాలా పట్టణాల్లో అదే ఊరి చిన్న కాంట్రాక్టరే, పై ఏజెన్సీ తన వాటా తీసుకోగా మిగిలిన రేటుకు, కింద పని చేస్తున్నాడు. అంటే నాణ్యత ఇప్పటికే చిన్నవాడి చేతిలో ఉంది. మధ్య వాటా మాత్రమే పెద్దవాడిది. షరతులు సవరించి, 45 రోజుల్లో బిల్లు ఇచ్చే పురపాలికకు ఆ మధ్య వాటా మిగులుతుంది. పన్నుదారుడి సొమ్ము కాపాడాలన్న వాదన నిజంగా నిలబడేది అక్కడే.